గాలి కంతకి కోటు

సర్వీసుకి తమ్ముడు వస్తున్నాడంటే అక్క ఇల్లంతా తలకిందులు చేసేది. మామూలుగా హీటింగ్ బర్నరు చూడ్డానికి మెకానిక్ వస్తే ఎవరింట్లోనైనా ఆ మూలనున్న చీపురూ బకెట్టూ పక్కకి జరిపి, కానివ్వండి అంటారు. అక్క అలా కాదు. పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచి మందుల వాసన పోగొట్టేది. ఇంటిని వెచ్చబరిచే గ్యాసు బాయిలరు ఉన్న చిన్న గదిని కడిగి, దాని రేకు డబ్బాని తడిగుడ్డతో తుడిచి అద్దంలా చేసేది. లోపల మంట ఎలా మండుతోందో ఆమెకి అనవసరం, పైన మాత్రం మొహం కనబడాలి. వచ్చేది సొంత తమ్ముడే అయినా, పనిమీద వచ్చినవాడి ముందు ఇల్లు ఇల్లులా ఉండాలని ఆమె పట్టుదల. ఆ పట్టుదలే కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు?

ఆ తమ్ముడికి యాభై దాటాయి. ఆ పేటలో సగం ఇళ్ళలో చలికాలం గడిచేది అతని చేతి చలవ వల్లే. బయట అందరూ మెకానిక్ అనే పిలుస్తారు. బావ మాత్రం తలుపు చప్పుడవగానే మంచంమీంచే, "రావయ్యా పొయ్యి డాక్టరూ, నీ పేషెంటు నీకోసం స్నానం చేసి కూర్చుంది," అంటాడు. బావ ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. ఊపిరితిత్తులు చెడి ఇంటిపట్టునే ఉండిపోయాక నోటికి పని పెరిగింది, ఒంటికి చలి పెరిగింది. వేసంకాలంలో కూడా కాళ్ళకి మేజోళ్ళు విప్పడు.

ఆ ఏడు చలి ముందే దిగింది. మెకానిక్ సంచి దింపి ఎప్పటిలా ముందు గ్యాసు మూశాడు, తర్వాత కరెంటు ఆపాడు. ఇనుము చల్లారేదాకా కూర్చుని టీ తాగాడు. ఈ పనిలో తొందరపడే వాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. డబ్బా మూత విప్పి, బర్నరు బయటికి లాగి, దాని చీలికల్లో పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపాడు. గ్యాసు చిమ్మే సన్నటి జెట్లని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత పైన నీళ్ళు వేడెక్కే రేకుల మధ్యకి టార్చి వేసి, అలాగే ఉండిపోయాడు. రేకుల నిండా మసి.

గ్యాసు సరిగ్గా మండితే మంట నీలంగా ఉంటుంది, మసి పట్టదు. మసి పట్టిందంటే మంటకి గాలి చాలలేదన్నమాట. కిందటేడు ఆ రేకులు తనే గీకి శుభ్రం చేసి, విషగాలి కొలిచే మీటరు పెట్టి చూసుకుని మరీ వెళ్ళాడు. ఇప్పుడు మళ్ళీ గీకాడు. అన్నీ బిగించి, గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు రావట్లేదని చూసి, మంట వెలిగించాడు. నీలంగా, నిలకడగా వెలిగింది. పొగగొట్టం మొదట్లో అగ్గిపుల్ల ఆర్పి పెడితే పొగ బుద్ధిగా పైకే పోయింది. గొట్టంలో మీటరు పెడితే వంక పెట్టడానికి లేదు. ఇంత చక్కటి మంట అంత మసి ఎలా కక్కిందో అతని బుర్రకి ఎక్కలేదు.

రెండోసారి టీ తెచ్చిన అక్క నుదురు నొక్కుకుంటోంది. ఏమైందని అడిగితే, చలి మొదలైనప్పట్నించీ ఇదే గోలరా, తల దిమ్ముగా ఉంటుంది, బజారుకి వెళ్తే మాత్రం చేత్తో తీసేసినట్టు పోతుంది అని చెప్పింది. ఇంట్లో పనికీ ఆ తలనొప్పికీ ఏదో లాలూచీ ఉందని బావ వెక్కిరించాడు. తనకి అలాంటివేమీ లేవనీ, కాకపోతే ఈ మధ్య పగలంతా నిద్ర ముంచుకొస్తోందనీ అన్నాడు.

మెకానిక్ చటుక్కున లేచాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

బాయిలరు గదికి బయటిగోడలో, మనిషి మొహమంత ఎత్తున, ఓ గాలి కంత ఉంది. దానికి ఇనుప జాలీ. బర్నరు ఊపిరి పీల్చుకునేది ఆ కంతలోంచే. దాన్ని మూయకండి అని ఏటా చెప్పేవాడు, మూస్తే మూసినవాడికి జైలు శిక్ష వేయిస్తావా అని బావ ఏటా నవ్వేవాడు. ఇప్పుడు మెకానిక్ ఆ జాలీ దగ్గరికి వెళ్ళి టార్చి వేశాడు. ఇనుప తీగలకి నీలం ఉన్ని నూగు అంటుకుని ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తలుపు వెనక మేకుకి బావ పాత నీలం డ్యూటీ కోటు వేలాడుతోంది. దాన్ని తిరగేశాడు. లోపలి గుడ్డ మీద దుమ్ముతో గళ్ళు గళ్ళుగా జాలీ అచ్చు.

ఆ కోటు అతనికి కొత్తది కాదు. తల్లి పోయాక అక్కతోపాటే ఈ ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు బావ చివరి ట్రిప్పుకి అతన్ని కూడా బస్సెక్కించుకుని, డ్రైవరు సీటు వెనక పడుకోబెట్టి, ఆ కోటే కప్పేవాడు. దాని డీజిలు వాసన పీలుస్తూ నిద్రపోవడం అతనికి ఇప్పటికీ గుర్తే.

"అక్కా," అన్నాడు, "నేను లేనప్పుడు ఇల్లెలా ఉంటుందో అలా పెట్టు."

చుట్టాల ముందు అంట్ల గిన్నెలు పరచమన్నట్టు అక్క సిగ్గుపడిపోయింది. బావ నవ్వుతూ, చూపించెయ్యి, డాక్టరు దగ్గర దాపరికమేమిటి అన్నాడు. ఆమె కిటికీలన్నీ మూసింది. వీధి తలుపు కింద పాత తువ్వాలు చుట్టి పెట్టింది. కోటుని మడిచి, చేతులు లోపలికి దోపి, కంతలో కుక్కింది. ఎంత అలవాటైన పనో చూస్తేనే తెలిసిపోతోంది, పక్కకి చూస్తూ కూడా చేసేయగలదు.

మెకానిక్ మంట వెలిగించి మీటరు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అంకె కదిలింది. ఆ తర్వాత ఆగకుండా పెరుగుతూ పోయింది. నీలం మంట కొసలకి పసుపు తిరిగింది. పొగగొట్టం దగ్గర అగ్గిపుల్ల పొగ పైకి పోకుండా గదిలోకే తిరిగొచ్చింది. అతను గ్యాసు కట్టేసి, కోటు లాగి అవతల పడేసి, కిటికీలు తోసి, ఇద్దరినీ వరండాలోకి నడిపించాడు. ఇన్నేళ్ళూ తను చూసి బాగుందని చెప్పి వెళ్ళింది వీళ్ళు ఉండే ఇంటిని కాదు. తనకోసం ముస్తాబు చేసిన ఇంటిని.

దుప్పటి చుట్టుకుని కుర్చీలో కూలబడ్డ బావకి ఇదంతా పెద్ద హడావిడిలా కనిపించింది. "చలికాలమంతా ఇలాగే ఉంటున్నాం కదయ్యా. ఏం, పోయామా?"

"పోయినవాళ్ళు వచ్చి చెప్పరు బావా."

గ్యాసు సరిగ్గా మండకపోతే పుట్టే విషగాలికి రంగుండదని, వాసనుండదని, ముందు తల బరువెక్కి తర్వాత నిద్రొస్తుందని, ఆ నిద్రలోంచి లేవరని మెకానిక్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. అక్క తల ఊపుతూనే ఉంది, కళ్ళు మాత్రం బావ వణికే మోకాళ్ళ మీదే ఉన్నాయి. అతను బాయిలరుకి వాడరాదని ఎర్ర చీటీ కట్టి, గ్యాసు మూసేసి వెళ్ళాడు.

మూసేయడం ఎంతసేపు? ఆ తర్వాత ఏం చెయ్యాలన్నదే ఎవరికీ తెలియలేదు. కరెంటు హీటరు తెచ్చి పెడితే ఆ పాత భవనం ఫ్యూజు ఢామ్మని పోయింది. పైవాటాల వాళ్ళు మెట్ల మీద నిలబడి తమ కష్టాలు ఏకరువు పెట్టారు. మా ఇంటికి వచ్చెయ్యండి అని మెకానిక్ ఇద్దరినీ తీసుకెళ్ళాడు. అతనుండేది పై అంతస్తులో, లిఫ్టు లేదు. మొదటి మలుపులోనే బావ మెట్టు మీద కూర్చుని, రొప్పుతూ, బస్సు బ్రేక్‌డౌనయింది, షెడ్డుకి తిప్పండి అన్నాడు. ఇంటిలోపలి గాలితో పనిలేకుండా సొంత గొట్టంతో బయటినుంచే ఊపిరి పీల్చుకునే కొత్తరకం బాయిలరు ఉంది. అది పెడితే ఏ కంతా అక్కర్లేదు. కానీ దానికి ముందుగోడ పగలగొట్టాలి. భవనం యజమానులు ఇద్దరన్నదమ్ములు, వాళ్ళిద్దరికీ పడదు. గోడ సంగతి తమ్ముణ్ణి అడగమని అన్న, అన్నని అడగమని తమ్ముడు. అడిగి అడిగి మెకానిక్ చెప్పులరిగాయి, గోడకి మాత్రం గీత కూడా పడలేదు.

ఇంతలో బావకి దగ్గు ఛాతీలోకి దిగింది. వెచ్చగా ఉంచకపోతే నిమోనియా అవుతుందని డాక్టరు, నిజం డాక్టరు, హెచ్చరించాడు. అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు. "ఒరేయ్, ఆయన పెదాలు నీలంగా ఉన్నాయిరా," అంది, అంతే.

మెకానిక్ వెళ్ళి మంట వెలిగించాడు. వెలిగించకుండా ఎలా ఉంటాడు? కంత పక్కన పెద్ద అక్షరాలతో 'మూయరాదు' అని కాగితం అంటించాడు. విషగాలి చేరితే కూతపెట్టే అలారం తెచ్చి గోడకి తగిలించి, మీట నొక్కి అరిపించి చూపించాడు. ఇద్దరిచేతా మాట తీసుకున్నాడు. బావ అతని నెత్తిమీద చెయ్యిపెట్టి, నేను గనక ఆ కంత మూస్తే నన్నే తీసుకెళ్ళి ఏదో ఓ కంతలో పెట్టెయ్యి అని ఒట్టేశాడు.

కొన్నాళ్ళకి అటువైపు వేరే పని పడింది. చెప్పకుండానే ఆగాడు. వరండా పిట్టగోడ మీద పూలకుండీ పక్కన ఆ అలారం కనిపించింది. పచ్చలైటు మిణుకుమిణుకుమంటూ, ఎండ కాచుకుంటున్న పిల్లిలా ఉంది.

అక్క తలుపు తీయడానికి కొంచెం ఆలస్యమైంది. ఇదిక్కడేం చేస్తోందని అడిగాడు. అక్క సంతోషంగానే చెప్పింది. లోపలుంటే ఒకటే అరుపట. మీ బావకి కునుకు పట్టనివ్వదు, బయట పెట్టి చూద్దును కదా, ఒక్క కూతా లేదు, బుద్ధిగా ఉంది అంది.

"దానికి లోపలి గాలి పడట్లేదనుకుంటానురా," అంది.

నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. "దానికి పడనిది మీకు పడుతుందా అక్కా?"

అక్క పక్కకి తప్పుకుంది. అతను లోపలికి వెళ్ళి చూశాడు. కోటు కంతలోనే ఉంది. ఈసారి తీయడానికి ఆమెకి వ్యవధి దొరకలేదు. మూయరాదన్న కాగితం చిరగకుండా దాన్ని ఓ పక్కకి మడిచి మరీ కుక్కింది. బావ గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. లేపితే కళ్ళు తెరిచాడు గానీ వెంటనే మాట రాలేదు. మెకానిక్ కిటికీలు తెరిచి, అతన్ని కూర్చోబెట్టి, మొహం తడిపి, ఎవరినని అడిగాడు. బావ చాలాసేపు చూసి, పొయ్యి డాక్టరువి అన్నాడు. అప్పుడుగానీ మెకానిక్‌కి ఊపిరి ఆడలేదు.

ఆ తర్వాత అతనికి కోపం ముంచుకొచ్చింది. జీవితంలో మొదటిసారి అక్కమీద గొంతు లేపాడు. చదువుకున్నదానివి కావా, చెవులు లేవా, నీ చేతులతో నువ్వే ఆయన్ని చంపుకుంటావా అని ఏవేవో అన్నాడు. అక్క అంతా విన్నది. చివరికి మెల్లగా చెప్పింది.

"నువ్వు చెప్పేది నాకు అర్థం కాక కాదురా. కానీ నువ్వు చెప్పే ఆ గాలి నాకు కనబడదు. కంత తెరిస్తే ఆయన వణకడం కనబడుతుంది. పొద్దస్తమానం నా కళ్ళముందే వణుకుతుంటే ఏం చెయ్యమంటావు? నువ్వు చూసి వెళ్ళిపోతావు. నేనుండాలి."

అతను కంతలోంచి కోటు లాగాడు. కోటు పట్టుకుపోదామా అనుకున్నాడు. కోటు పట్టుకుపోతే దుప్పట్లున్నాయి, దుప్పట్లు పట్టుకుపోతే తలగడలున్నాయి, గుడ్డముక్క లేని ఇల్లు ఉంటుందా? ఇక ఏమీ తోచక గ్యాసు మూసి, డబ్బా విప్పి, బర్నరు జెట్లన్నీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. జేబులో గోరంత కూడా లేని ఇత్తడి ముక్కలు. అవి లేకపోతే మంట లేదు.

అక్క గుమ్మందాకా వచ్చింది. "నువ్వింక దీని జోలికి రాకురా. ఇంకొకర్ని పిలుచుకుంటాను."

అన్నట్టే పిలుచుకుంది. వచ్చినవాడు మెకానిక్‌కి తెలిసినవాడే, పనిలో ఒకప్పుడు జతగాడు, పేరు పడ్డ పనివాడు. ఎవరిని పిలిచిందో తెలిసి మెకానిక్ ముందే ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. ఆ కంత మూసేస్తారు, నువ్వు వెలిగించొద్దు అన్నాడు. జతగాడు జాగ్రత్తగానే చూస్తానన్నాడు. చూశాడు కూడా. సాయంత్రం తనే ఫోన్ చేశాడు.

మీ అక్కగారి ఇల్లంత శుభ్రమైన ఇల్లు నేను చూళ్ళేదయ్యా అని మొదలెట్టాడు. కంత తెరిచే ఉంది, జాలీకి దుమ్ము కూడా లేదు. పక్కన మూయరాదని కాగితం ఉంది. గోడకి అలారం ఉంది. కొత్త జెట్లు వేసి, మీటరు పెట్టి చూశాను, వంక పెట్టడానికి లేదు. ముసలాయన చలికి గజగజలాడుతున్నాడు, అన్నీ సరిగా ఉంటే ఏమని ఆపను?

మెకానిక్ ఫోన్ పెట్టేశాడు. తనైనా ఆపేవాడు కాదు. ఇన్నేళ్ళూ ఆపలేదు.

పని ముగించి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళ. ముందు తలుపు తట్టలేదు. పక్కసందులోకి తిరిగి, బయటిగోడ కంత దగ్గర అరచెయ్యి ఆనించాడు. లోపల మంట వెలుగుతుంటే ఆ జాలీ గాలిని లాగాలి, చేతికి తెలియాలి. ఏమీ లేదు. వేలు దూర్చాడు. మెత్తగా ఉన్ని తగిలింది.

వెనక్కొచ్చి తలుపు కొట్టాడు. ఎవరని లోపల్నించి అక్క అడిగింది. నేనే అన్నాడు. లోపల హడావిడి మొదలైంది. కిటికీ గడియ తీసిన చప్పుడు, ఏదో లాగిన చప్పుడు, వరండా వైపు తలుపు తెరిచి మూసిన చప్పుడు. ఆ చప్పుళ్ళన్నీ వింటూ అతను గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది.

"రా తమ్ముడూ," అంది అక్క, జరిగిందంతా మరిచిపోయినట్టు. కాస్త రొప్పుతోంది. ఒక చెయ్యి వెనక పెట్టుకుంది. గోడమీద అలారం మేకుకి ఇంకా ఊగుతోంది, పచ్చలైటుతో. బాయిలరు గది తలుపులోంచి చూస్తే కంత తెరిచి ఉంది. అందులోంచి చల్లటి గాలి కత్తిలా దూసుకొస్తోంది. మంట నీలంగా, నిలకడగా మండుతోంది.

"రావయ్యా డాక్టరూ," అన్నాడు బావ దుప్పట్ల కిందనుంచి. అప్పుడే అతని ముక్కు కొస ఎర్రబడుతోంది.

మెకానిక్ కంతకి ఎదురుగా, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గాలి సరిగ్గా మెడమీద కొడుతోంది. అక్క టీ ఇచ్చింది. భవనం వాళ్ళేమన్నారని అడిగింది, ఏమీ అనలేదని చెప్పాడు. టీ గ్లాసు పట్టుకున్న బావ చెయ్యి వణికి దుప్పటిమీద ఒలికింది. అక్క తుడిచి, కంతవైపు ఒకసారి, తమ్ముడివైపు ఒకసారి చూసింది.

అతను భుజాలు దగ్గరికి ముడుచుకోవడం బావ కనిపెట్టాడు. "వీడికి చలేస్తోంది. ఆ కోటిలా పట్రా," అన్నాడు భార్యతో. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, తలుపు వెనక దాచిన కోటు తెచ్చింది. బావ మంచంమీంచే వంగి, ఒక్కొక్క భుజమే సర్ది, దాన్ని మెకానిక్‌కి కప్పాడు. డీజిలు వాసన ఎప్పుడో పోయింది. దుమ్ము వాసనొకటే మిగిలింది.

మెకానిక్‌కి అప్పుడు తెలిసింది. ఈ ఇల్లు ఇప్పుడు క్షేమం. తను ఈ కుర్చీలో ఉన్నంతసేపూ క్షేమం, ఉన్నంతసేపూ చలి. తను లేస్తే కోటు లేస్తుంది. వీధి మలుపు తిరిగేలోపే అది మళ్ళీ కంతలో ఉంటుంది, అలారం పూలకుండీ పక్కన ఉంటుంది, ఇల్లు మెల్లగా వెచ్చబడుతుంది. వద్దనడానికి తన దగ్గర ఇంక మాటలు లేవు. కళ్ళలో నీళ్ళు తిరిగితే టీ ఆవిరి వంకపెట్టి తుడుచుకున్నాడు.

"ఎప్పుడు బయల్దేరతావు?" అడిగాడు బావ. కసురు లేదు ఆ మాటలో. చలితో పళ్ళు టకటకమంటుంటే ఆశగా అడిగాడు.

"ఇంకాసేపుంటాను బావా," అని మెకానిక్ కోటు అంచులు రెండూ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.